ఒకే పంజరంలో రెండు కాకటీల్స్, ఒకటి రెండోదాని తల గుండు చేసేస్తోంది

కుచ్చుపిట్ట

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం మాత్రం ఇదే మొదలు. నా దగ్గర రెండు కాకటీల్స్ (తల మీద కుచ్చు ఉండే చిన్న చిలుకలు) ఉన్నాయి. బూడిద రంగు ఒళ్ళు, పసుపు మొహం ఉన్నది పండు, రెండేళ్ళు నిండాయి. వీపంతా ముత్యాలు చల్లినట్టు చుక్కలున్నది చుక్కి, దానికి ఏడాదిన్నర. రెండూ ఆడవేనని ఇచ్చినవాళ్ళు చెప్పారు. ఏడాది నుంచి ఒకే పంజరం, ఒక్కరోజు కూడా కొట్టుకోలేదు.

మొదట్లో ఒకదాని తల ఒకటి దువ్వుకుంటుంటే ముచ్చటగా ఉండేది, వీడియోలు తీసి కనిపించినవాళ్ళందరికీ చూపించేదాన్ని. నెల నుంచి వ్యవహారం మారింది. పండు ఆపదు. చుక్కి తింటున్నా, కునుకు తీస్తున్నా వెనక చేరి ముక్కుతో పని మొదలుపెడుతుంది. ఇప్పుడు చుక్కి కుచ్చు వెనక నుంచి మెడ దాకా నా బొటనవేలంత మేర బోడి అయిపోయింది, పక్కకి తిరిగితే చెవి రంధ్రం కూడా కనిపిస్తోంది. నిన్న అక్కడ చిన్న రక్తపు చుక్క చూశా, అప్పటినుంచి ఒకటే టెన్షన్.

చుక్కి పారిపోదు, అదీ నాకు అర్థం కానిది. తనే వెళ్ళి తల వంచి నిలబడుతుంది. కాసేపటికి కీచుమంటుంది, ఒకడుగు పక్కకి జరుగుతుంది, మళ్ళీ వెళ్ళి తల వంచుతుంది. విడదీస్తే రెండూ కలిసి ఇల్లు పీకి పందిరేస్తున్నాయి. ఏం చెయ్యను?

పంజరం_తలుపు

స్వాగతం అండీ. ముందు ఒకటి తేల్చుకుందాం. ఏ చిలుకా తన తల వెనక భాగాన్ని తన ముక్కుతో అందుకోలేదు. కాలితో గోక్కోగలదు, ఊచలకి రుద్దుకోగలదు, అంతే. ఒళ్ళంతా ఈకలు బాగుండి తల, మెడ మాత్రమే బోడిగా ఉంటే ముందు పక్కదాన్ని అనుమానించాలి. అదే రొమ్ము, రెక్కల కింద, తొడలు బోడి అయితే ఆ పక్షి తనే పీక్కుంటోందేమో చూడాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మొదటి రకమే.

చుక్కి ఎందుకు తల వంచుతుందంటారా, కొత్త ఈక మొలిచేటప్పుడు దాని చుట్టూ పల్చటి గొట్టంలాంటి తొడుగు ఉంటుంది, మన గోళ్ళు దేనితో తయారవుతాయో అదే పదార్థం. ఒంటి మీద తొడుగుల్ని పక్షి తనే ముక్కుతో నలిపి రాల్చేసుకుంటుంది. తల మీదవి తనకి అందవు, దురద పెడతాయి, జోడీ పక్షి తీసిపెట్టాలి. కాబట్టి అడగడం మామూలే. ఎక్కడ ఆపాలో పండుకి తెలియకపోవడమే గొడవ.

నాలుగు వివరాలు చెప్పండి. పంజరం మొత్తం కనిపించేలా ఫోటో పెట్టండి. రాత్రి లైట్లు ఎన్నింటికి ఆగుతాయి? తిండి ఏమిటి? పండు ఈల వేస్తుందా?

నీలిరెక్క

హాయ్ అక్కా, నాకూ ఇదే భయం. నావి బడ్జీలు, అంటే చిన్న రకం చిలుకలు, వాటిలో ఒకటి తల మీద ముళ్ళు ముళ్ళుగా కనిపిస్తోంది, పంజరం అడుగున చిన్న చిన్న ఈకలు పడుతున్నాయి. ఇది కూడా పీకడమేనా? ఇప్పుడే విడదీసేయనా?

పంజరం_తలుపు

నీలిరెక్కా, కంగారు పడకు. ఆ ముళ్ళు కొత్త ఈకలు. పక్షి ఈకలు రాల్చుకునే రోజుల్లో అక్కడొకటి ఇక్కడొకటి రాలతాయి, వాటి చోట ముళ్ళు లేస్తాయి, చర్మం మాత్రం బయటపడదు. చర్మం కనిపించేంత మచ్చ పడితే అప్పుడు చెప్పు.

సాయంత్రం_ఈల

అంత ఆలోచన ఎందుకండీ, బోడి చోట కొంచెం నూనె రాయండి. చర్మం మెత్తబడుతుంది, ఆ రుచి నచ్చక రెండోది ముక్కు పెట్టదు. మా దగ్గర ఎప్పుడూ అదే చేసేవాళ్ళం.

క్లినిక్_వెనకగది

దయచేసి ఈ పని చెయ్యొద్దు. నేను పక్షులు వచ్చే క్లినిక్‌లో సహాయకుడిగా పనిచేస్తున్నా, నూనె రాసిన పక్షుల్ని కడగడం నా వంతుకే వస్తుంది కాబట్టి కోపంగానే రాస్తున్నా. ఈకల మధ్య గాలి పొర ఉంటేనే పక్షి ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. నూనె తగిలితే ఈకలు అతుక్కుపోయి ఆ పొర పోతుంది, పక్షి వణుకుతుంది. పైగా ఒంటికి ఏది అంటుకున్నా అది దాన్ని ముక్కుతో తీసి మింగేస్తుంది. ఇక్కడ రెండో పక్షి కూడా ఉంది, జిడ్డు కనిపిస్తే దాన్ని శుభ్రం చేద్దామని ఇంకా ఎక్కువ పీకుతుంది. చేదు స్ప్రేలదీ ఇదే కథ. మనుషుల ఆయింట్‌మెంట్లు అసలే వద్దు.

ఆ రక్తపు చుక్క సంగతి. ఎదుగుతున్న ఈక కాడలో రక్తం ఉంటుంది, పైకి ముదురు రంగులో కనిపిస్తుంది. అది విరిగితే చుక్కలు చుక్కలుగా కారుతుంది. శుభ్రమైన గుడ్డతోనో దూదితోనో మెల్లగా ఒత్తిపట్టాలి, ఇంట్లో కార్న్‌ఫ్లోర్ ఉంటే చిటికెడు అద్దొచ్చు. కొన్ని నిమిషాల్లో ఆగకపోతే డాక్టర్ దగ్గరికే. కాకటీల్ మొత్తం బరువే వంద గ్రాములకి అటూ ఇటూ, మనకి కొంచెమే అనిపించే రక్తం దానికి ఎక్కువ.

సాయంత్రం_ఈల

సరే బాబూ, వెనక్కి తీసుకుంటున్నా. ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా అని చెప్పా.

కుచ్చుపిట్ట

అందరికీ థాంక్స్. నూనె రాయలేదు. రక్తం ఆగిపోయింది, ఎండిన చుక్క మాత్రమే ఉంది.

పంజరం హాల్లో ఉంటుంది, మేం పదకొండున్నర దాకా టీవీ చూస్తాం, ఆ తర్వాతే లైట్లు ఆపుతాం. పొద్దున ఆరింటికల్లా వెలుతురు వస్తుంది. తిండి ఎక్కువగా గింజలే, ఆకుకూర పెడితే తొక్కి పారేస్తాయి. స్నానం వారానికోసారి, ఒక్కోసారి అదీ మర్చిపోతా. పండు ఈల వేస్తుంది, భలే వేస్తుంది. పొద్దున్నే రెక్కలు ఒంటికి కొంచెం ఎడంగా పట్టి, వెనక నుంచి చూస్తే గుండె బొమ్మలా పెట్టుకుని, ముక్కుతో కర్రని టకటకమని కొట్టి పాట మొదలుపెడుతుంది. ఫోటో పెట్టా చూడండి.

పంజరం_తలుపు

ఫోటో చూశా. మూడు మాటలు.

పండు ఆడది కాదు. రెక్కలు గుండె ఆకారంలో పట్టడం, ముక్కుతో టకటక కొట్టడం, ఆగకుండా ఈల, పైగా రెండేళ్ళకి మొహం అంత పసుపుగా మెరవడం, ఇవన్నీ మగ కాకటీల్ లక్షణాలు. చుక్కి మాత్రం ఆడదే. ముత్యాల రకంలో మగవి మొదటిసారి పెద్దగా ఈకలు మార్చుకున్నాక చుక్కలు పోగొట్టుకుంటాయి, దీనికి ఏడాదిన్నర వచ్చినా చుక్కలు చెక్కుచెదరలేదు. అంటే మీ దగ్గర ఉన్నది ఇద్దరు అక్కాచెల్లెళ్ళు కాదు, ఆలుమగలు.

రెండోది, వెనక ఎడమ మూలలో కనిపిస్తున్న ఆ డబ్బా ఏంటి?

మూడోది, ఆరున్నర గంటల నిద్ర. చిలుకలకి 10 నుంచి 12 గంటల చీకటి కావాలి. పొద్దు ఎక్కువసేపు ఉందంటే వాటి ఒంటికి అది గుడ్లు పెట్టే కాలం వచ్చిందనే కబురు. దానికి తోడు చీకటి మూల దొరికితే ఇంకేముంది.

కుచ్చుపిట్ట

అయ్యో. ఆ డబ్బా చెప్పులదండీ. నెలన్నర కిందట ఆడుకుంటాయని పెట్టా. చుక్కి అందులోకి దూరి గంటలు గంటలు కూర్చుంటుంది, అట్టని కొరికి పొడి చేస్తుంది. బోర్ కొట్టకుండా మంచి పని చేశా అనుకున్నా. మీరు అడిగేదాకా ఈ రెండూ కలిపి చూడలేదు, పీకడం మొదలైంది కూడా ఆ తర్వాతే.

రెండు_లవ్‌బర్డ్స్

అందరం చేసిన తప్పే అక్కా, బాధపడకండి. నేను ఒక గుడ్డ గుడారం వేలాడదీశా, నా ఆడ లవ్‌బర్డ్ దాన్ని కోట చేసుకుని నా వేలు కూడా రానివ్వలేదు.

డబ్బా ఈరోజే తీసేయండి. అద్దం ఉంటే అదీ తీసేయండి. వీపు మీద, తోక దగ్గర నిమరకండి, వాటికి అది జోడీ చేసే పని, తల మాత్రమే ముట్టుకోండి. గూడు కట్టుకోడానికి పనికొచ్చేలా చింపిన కాగితం కుప్పలుగా వదలకండి. కొరకడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి మెత్తటి చెక్క ముక్కలు వేలాడదీయండి, ఒకచోట కుప్ప పడనివ్వకుండా.

ఇక విడదీయాలా అన్నదానికి, రక్తం వచ్చింది కాబట్టి విడదీయాల్సిందే. కానీ వేరే గదిలో పెట్టకండి, పక్కపక్కనే రెండు పంజరాలు. మధ్యలో కనీసం జానెడు ఖాళీ వదలండి. నేను ఒకే పంజరం మధ్యలో జల్లెడ తడిక కట్టి తెలివిగా చేశాననుకున్నా, ఊచల మధ్య నుంచే ముక్కు పెట్టి పీకింది, ఒకసారి రెండోదాని కాలివేలు కొరికేసింది. తడికలు నమ్మకండి.

ఈకలడబ్బా

నా పేరు చూసి నవ్వుకోండి గానీ, నిజంగానే ఒక డబ్బా నిండా ఈకలు దాచా. ఏ తేదీన ఎక్కడ ఏ ఈక పడిందో రాసి పెట్టేవాణ్ణి, అంత పిచ్చి పట్టింది అప్పట్లో.

కుచ్చుపిట్ట గారి కేసు తల మీద కాబట్టి దారి స్పష్టంగా ఉంది. నాది అలా కాదు, ఇక్కడ చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. నావీ రెండు కాకటీల్సే. ఒకదాని రెక్కల కింద, తొడల లోపల బోడి అవుతోంది. రెండోది కొంచెం దూకుడు మనిషి, సారీ, దూకుడు పక్షి, గిన్నె దగ్గర తోస్తుంది, కర్ర మీద నుంచి నెడుతుంది. దొంగ దొరికాడనుకుని దాన్ని వేరే పంజరంలో వేశా. నెల గడిచింది, బోడి పెరిగింది. అయినా నా బుర్ర మారలేదు. దూరం నుంచి భయపెడుతోందేమో అని దాన్ని ఇంకో గదికి మార్చా. ఎనిమిది నెలలు ఆ పక్షిని నేను తిట్టని రోజు లేదు.

ఒకరోజు ఆఫీసుకి వెళ్తూ ఫోన్ ఒకటి రికార్డింగ్ పెట్టి పోయా. సాయంత్రం వచ్చి చూస్తే, ఒంటరిగా ఉన్న పక్షి రెక్క ఎత్తి, కింద ముక్కు పెట్టి, కీచుమని అరుస్తూ మరీ తన ఈక తనే లాగుతోంది. అరుస్తూ లాగుతోందంటే అది సరదా కాదు, ఒళ్ళు మండుతోంది. అప్పుడు తీసుకెళ్ళా డాక్టర్ దగ్గరికి. తాజా రెట్ట పరీక్ష చేస్తే పేగుల్లో జియార్డియా అనే పరాన్నజీవి బయటపడింది. కాకటీల్స్‌లో అది ఉంటే దురద పుట్టి ఇలా పీక్కుంటాయట. మందు వాడాం, పంజరాలు వేడినీళ్ళతో కడిగాం, నీళ్ళ గిన్నెలు రోజుకి రెండుసార్లు మార్చాం. తగ్గింది.

అందుకే ఎవరు పీకుతున్నారో కళ్ళారా చూడకుండా తీర్పు చెప్పకండి. మీరు గదిలో ఉన్నప్పుడు అవి చేసేది వేరు, లేనప్పుడు చేసేది వేరు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి బయటికి వెళ్ళండి, పైసా ఖర్చు లేదు.

క్లినిక్_వెనకగది

ఈకలడబ్బా గారు చెప్పింది బంగారం. నేనింకొకటి కలుపుతా. పీబీఎఫ్‌డీ అని చిలుకలకి వచ్చే వైరస్ జబ్బు ఉంది, ఈకలు వంకరగా, నొక్కినట్టు, మధ్యలో సన్నబడి మొలుస్తాయి, రాలిపోతాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుతుంది. రెండు పక్షులు ఒకే పంజరంలో ఉన్నప్పుడు దీన్ని పీకడం అనుకుని వదిలేస్తే రెండోదానికీ రావచ్చు. పరీక్షకి కొంచెం రక్తం గానీ ఈక గానీ చాలు. బడ్జీల్లో మొహం, కాళ్ళ మీద సున్నం పొక్కుల్లా వస్తే అది పురుగు, వేరే మందు.

కుచ్చుపిట్ట గారూ, వెళ్ళేటప్పుడు రెండింటినీ తీసుకెళ్ళండి. పొద్దుటి రెట్ట కాగితం మీద పట్టుకెళ్ళండి, రాలిన ఈకలు ఓ కవర్లో.

కుచ్చుపిట్ట

రెండో పంజరం తెచ్చా. డబ్బా తీసేశా, చుక్కి మూలకి వెళ్ళి ఖాళీ చోటు చూసి అరగంట నిలబడింది, నాకే పాపం అనిపించింది.

మొదటి రాత్రి నరకం. పండు ఒకటే ఈల, చుక్కి జవాబు, మళ్ళీ ఈల. పన్నెండింటికి లేచి కలిపేద్దామని తలుపు మీద చెయ్యి వేశా. మీ అందరి మొహాలు, అంటే పేర్లు, గుర్తొచ్చి ఆగిపోయా. రెండో రాత్రి రెండు పంజరాల్లోనూ ఒకే ఎత్తులో కర్రలు జరిపి, పక్కపక్కన కూర్చున్నట్టు ఉండేలా చేశా. ఆశ్చర్యం, పది నిమిషాల్లో సర్దుకున్నాయి. ఖాళీకి అటొకటి ఇటొకటి చివర చేరి నిద్రపోయాయి. ఇప్పుడు ఏడున్నరకల్లా వేరే గదిలోకి మార్చి, గాలి ఆడేలా పల్చటి గుడ్డ కప్పేస్తున్నా. టీవీ మాకు, చీకటి వాటికి.

రెండు_లవ్‌బర్డ్స్

కర్రల ఎత్తు కలపడం నాకు తట్టనే లేదు అక్కా! ఇవాళే చేస్తా.

నీలిరెక్క

నాదొక డౌట్. చుక్కిని వదిలేసి ఇంకో పక్షితో ఆడుకుంటాడు కదా, మూడోదాన్ని తెస్తే పండు ధ్యాస మారదా?

పంజరం_తలుపు

మారదు. మూడు పక్షులంటే రెండు జోడీ, ఒకటి బయట. ఆ బయటిది ఎవరవుతారో నువ్వు నిర్ణయించలేవు. పైగా కొత్తగా వచ్చింది ఏ జబ్బు తెచ్చిందో తెలియదు, నెల పైన వేరే గదిలో ఉంచి చూడాలి. ఉన్న గొడవకి కొత్త గొడవని మందుగా వాడకు.

కుచ్చుపిట్ట

డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాం. రెట్టలో ఏమీ లేదు, పురుగులు లేవు, పీబీఎఫ్‌డీ పరీక్ష కూడా నెగెటివ్ వచ్చింది. భూతద్దంతో చూసి ఆయన నాకూ చూపించారు. బోడి చోటులో రెండు రకాల గుర్తులు ఉన్నాయి. కొన్ని చోట్ల ఈక మొదలంటా ఊడి ఖాళీ రంధ్రం కనిపిస్తోంది. కొన్ని చోట్ల మాత్రం కాడ చర్మానికి సమానంగా, కత్తెరతో కత్తిరించినట్టు తెగి ఉంది. ఊడిన చోట కొత్త ఈక కొన్ని వారాల్లో మొదలవుతుందట, తెగిన కాడలు మాత్రం అలాగే ఉండి, తర్వాత ఈకలు రాల్చుకునేటప్పుడు పడిపోయి అప్పుడు కొత్తవి వస్తాయట. పదే పదే పీకిన చోట ఈక వేరు దెబ్బతింటే మళ్ళీ రాకపోవచ్చు అన్నారు. అది విన్నాక మనసు బరువెక్కింది.

తిండి మార్చమన్నారు. గింజల్లో విటమిన్ ఏ దాదాపు ఉండదు, చర్మం, ఈకలు బాగుండాలంటే అది కావాలి. పెల్లెట్లు (పక్షుల కోసం తయారుచేసి అమ్మే ఉండల తిండి) ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా, తురిమిన క్యారెట్, ఆకుకూర. రోజూ బరువు తూచమన్నారు, ఎందుకంటే మొండి పక్షి కొత్త తిండి ముట్టక పస్తుంటుందట. ఆకుకూర ఆకుని తడిపి ఊచకి క్లిప్పుతో పెడితే స్నానమనుకుని దానికి ఒళ్ళు రుద్దుకుంది చుక్కి, ఆ తర్వాత నమిలింది. తొక్కి పారేయడం తగ్గింది.

కుచ్చుపిట్ట

అర్జెంట్! విడదీసి తొమ్మిది రోజులు. ఇవాళ పొద్దున చుక్కి పంజరం అడుగున గుడ్డు. తీసి పారేయనా?

పంజరం_తలుపు

తీయకండి! తీస్తే లెక్క తక్కువైందని ఇంకోటి పెడుతుంది, ఒంట్లో కాల్షియం అంతా అయిపోతుంది. కాకటీల్ సాధారణంగా రోజు విడిచి రోజు ఒకటి చొప్పున నాలుగు నుంచి ఆరు పెడుతుంది. పండుతో కలవకపోయినా ముందు కలిసినదాని వల్ల పిల్ల అయ్యే అవకాశం కొన్ని రోజులు ఉంటుంది. పిల్లలు వద్దనుకుంటే గుడ్డు తీసుకుని బాగా ఉడికించి, పూర్తిగా చల్లార్చి, అదే చోట పెట్టేయండి. లేదా అదే సైజు ప్లాస్టిక్ గుడ్డు. మూడు వారాలు పొదిగి, విసుగొచ్చి తనే లేచిపోతుంది. అప్పుడు తీయండి. కాల్షియం కోసం కొరుక్కునే కటిల్ బోన్ పంజరంలో ఉందా?

క్లినిక్_వెనకగది

దీన్ని ముందు చదవండి. చుక్కి అడుగున ఒళ్ళు ఉబ్బించుకుని కూర్చుని, తోక పైకీ కిందకీ ఊపుతూ, ముక్కుతూ, గుడ్డు రాకుండా కనిపిస్తే రాత్రైనా సరే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. గుడ్డు ఇరుక్కుంటే పక్షి గంటల్లో చనిపోవచ్చు. ఇంట్లో వేలు పెట్టి నొక్కడం లాంటివి అస్సలు చెయ్యకండి.

కుచ్చుపిట్ట

నాలుగు పెట్టింది, అన్నీ సవ్యంగా. ఉడికించిన గుడ్ల మీద మహారాణిలా కూర్చుంది, నేను చెయ్యి పెడితే బుస్సుమంటోంది. అవతల నుంచి పండు ఈల వేస్తూ కాపలా. పద్దెనిమిదో రోజున తనే లేచి నీళ్ళ గిన్నెలో మునిగి, ఇంక అటు చూడలేదు.

కుచ్చుపిట్ట

ఆరు వారాల కబురు. బోడి చోటు అంచుల్లో ముళ్ళు! వరసగా తెల్లటి సూదులు, కొన్నిటి కొసన తొడుగు చిట్లి పసుపు కుంచెలా బయటికొచ్చింది. ఇంత సంతోషం ఎప్పుడూ లేదు, భూతద్దం కొనుక్కున్నా.

కానీ ఒక తప్పు చేశా. సంతోషంలో ఇద్దర్నీ కలిపి బయట వదిలా. పండు ఒక నిమిషం ఈల వేశాడు, చుక్కి తల వంచింది, వాడు ముందు కుచ్చు మొదట్లో మెల్లగా, చాలా మెల్లగా, నిజంగా ముద్దుగా దువ్వాడు. తర్వాత ఒక లేత ముల్లు ముక్కుకి తగిలింది. దాన్ని అటూ ఇటూ నలిపాడు. చుక్కి కీచుమంది. వాడు వదిలి, మెడ పక్కకి వంచి ఒకసారి చూసి, మళ్ళీ సరిగ్గా అదే ముల్లు పట్టుకున్నాడు. వాడికి కోపం లేదు, దౌర్జన్యం లేదు. గోడ మీద ఊడిన పెచ్చు కనిపిస్తే మనం గోకకుండా ఉండలేం చూడండి, అలాంటిదే. నేను చేతిలోకి తీసుకునేలోపు ముల్లు సగానికి తెగింది. రక్తం రాలేదు, బతికిపోయా.

ఈకలడబ్బా

ఆ పెచ్చు పోలిక వంద శాతం. ముళ్ళు ఉన్నన్నాళ్ళూ కలపకండి, కలిపినా చేతినిండా పని ఉండేలా చూడండి. ముడిచిన కాగితంలో గింజలు దాచి రెండు చోట్ల పెడితే నాలుగడుగుల దూరంలో ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. కర్ర మీద ఊరికే పక్కపక్కన కూర్చున్న క్షణమే ప్రమాదం.

తల వంచేది ఇప్పుడు మీ దగ్గర. స్నానం చేయించాక తొడుగు మెత్తబడుతుంది, అప్పుడు ఎండి తెల్లబడిన కొసల్ని రెండు వేళ్ళ మధ్య మెల్లగా నలిపితే పొడిలా రాలుతుంది. మొదలు దగ్గర ముదురు రంగు కనిపించేవి ముట్టుకోకండి, వాటిలో ఇంకా రక్తం ఉంటుంది.

కుచ్చుపిట్ట

చేస్తున్నా. మొదటిరోజు కరిచింది. మూడోరోజు కళ్ళు మూసుకుంది. ఇప్పుడు ఊచలకి తల ఆనించి నేను వచ్చేదాకా అలాగే ఉంటోంది.

నీలిరెక్క

అక్కా, ఎన్నాళ్ళకి మళ్ళీ ఒకే పంజరంలో వేస్తారు?

కుచ్చుపిట్ట

నాలుగు నెలలైంది నీలిరెక్కా. ఈమధ్యే చుక్కి పెద్దగా ఈకలు రాల్చుకుంది, డాక్టర్ చెప్పినట్టే తెగిన కాడలు కూడా పడిపోయి కొత్తవి వచ్చాయి. మెడ మీద గోరంత చోటు మాత్రం ఇంకా నున్నగానే ఉంది. అది రాదేమో. ఒకే పంజరంలో మళ్ళీ వెయ్యను. పగలు మేం ఇంట్లో ఉన్నప్పుడు రెండు గంటలు కలిసి బయట తిరుగుతాయి, తింటాయి, ఈల వేసుకుంటాయి, రాత్రి ఎవరి పంజరం వాళ్ళది. నాకైతే వాటికేం లోటు కనిపించట్లేదు.

రెండు_లవ్‌బర్డ్స్

నేను ఒప్పుకోను అక్కా, నావి ఏడు నెలల తర్వాత పెద్ద పంజరంలో మళ్ళీ కలిపా, బాగానే ఉన్నాయి. అందరూ శాశ్వతంగా విడదీయాలని లేదు.

పంజరం_తలుపు

మీవి కలిశాయి, సంతోషం. వీళ్ళది ఆడామగా జోడీ, ఒకసారి గుడ్లు కూడా పెట్టింది, మళ్ళీ పొద్దు పెరిగే రోజులు వస్తాయి. ఆవిడ చేసిందే నాకు నచ్చింది. అన్నట్టు కుచ్చుపిట్ట గారూ, నిన్న పెట్టిన ఫోటోలో పండు వెనక మళ్ళీ ఏదో డబ్బా కనిపిస్తోంది?

కుచ్చుపిట్ట

అది పంజరంలో కాదండీ, బయట నేల మీద! నా కొత్త చెప్పులవి!

పంజరం_తలుపు

బయట తిరిగేది చుక్కే కదా. మూత పెట్టండి.

కుచ్చుపిట్ట

ఇప్పుడే చూశా. లోపలే ఉంది.